క్లెర్వినక్క నేర్పిన సంతకాలు

మా ఆన్స్‌లూస్‌లో ఆడపిల్లకు పెళ్ళి కుదిరితే ముందుగా కుట్టించేవి పక్కదుప్పట్లు. వాటి మూలల్లో పెళ్ళికూతురి పేరు ఉండాలి. ఆ పని క్లెర్వినా జాన్‌నొయెల్ ఒక్కదానికే వచ్చు. మేమంతా ఆవిడను క్లెర్వినక్క అనేవాళ్ళం. జాక్‌మెల్ పట్నంలోని పెద్దిళ్ళవాళ్ళు కూడా గాడిద మీద బట్టలు పంపి ఆవిడ చేతే కుట్టించుకునేవారు. వాళ్ళమ్మ మఠంలో కన్యస్త్రీలకు వంట చేసేది. ఆ పుణ్యాన అక్కకు ఆరేళ్ళ చదువు అబ్బింది. ఆవిడతో కాపురం చేసిన మనిషి చెరకు నరకడానికి క్యూబా వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. సముద్రం వైపు వెళ్ళే దారిలో రెండు గదుల ఇల్లు, ముందు వసారా, వసారాలో ఒక కుర్చీ, ఒక మంచినీళ్ళ కుండ. అంతే ఆవిడ ఆస్తి.

ఆ దారి చివర కాఫీ గోదాము ఉండేది. నేను పదహారో ఏట అందులో చేరాను. పొడుగాటి బల్లలకు అటూ ఇటూ కూర్చుని, నల్లబడిన గింజలు, విరిగినవి, రాళ్ళు ఏరి పారెయ్యడం మా పని. పొద్దుట కూర్చుంటే సాయంత్రానికి మెడ పట్టేసేది, కళ్ళు మంటలెత్తేవి. ఇంటికి పోతూ క్లెర్వినక్క వసారాలో ఆగి నీళ్ళు తాగేవాళ్ళం. ఆవిడ కుర్చీలోంచి లేవకుండా, తల ఎత్తకుండా, "కుండ మీద మూత పెట్టండర్రా" అనేది. మా పరిచయం అక్కడ మొదలైంది.

1957లో ఈస్టరుకు ముందు, రాజధాని పోర్టో ప్రిన్స్ నుంచి తెల్లటోపీ పెట్టుకున్న ఒక టీచరమ్మ వచ్చి, చర్చి పక్క గదిలో మీటింగు పెట్టింది. మాలో ఎవరూ వెళ్ళలేదు. క్లెర్వినక్క వెళ్ళింది. మర్నాడు మేం నీళ్ళకు ఆగినప్పుడు మొదటిసారిగా సూది పక్కన పెట్టి మాట్లాడింది.

"ఈసారి మగాళ్ళతో పాటు మనమూ ఓటెయ్యొచ్చటర్రా."

మాలో ఓర్ఫీజ్‌కు నోరెక్కువ. నలభై ఏళ్ళుంటాయి, మనిషి బలంగా ఉండేది. "వేస్తే ఏమవుద్ది? కాఫీ గింజలు వాటంతటవే ఏరుకుంటాయా? మా ఆయన పొయ్యి ముట్టిస్తాడా?" అంది.

"మీ ఆయన పొయ్యి ముట్టించడం దేవుడి వల్ల కూడా కాదు. నేను ఓటు సంగతి చెప్తున్నా."

"ఓటెయ్యాలంటే చదువు రావాలి కదక్కా?" అన్నాను నేను.

"అక్కర్లేదు. కానీ ఆల్టా, ఓట్ల పుస్తకంలో నీ పేరు అని చెప్పి ఎవడో ఏదో గీకితే, అది నీ పేరో గాడిద పేరో నీకెలా తెలుస్తుంది?"

అలా మొదలైంది. గోదాము మూసేశాక, చీకటి పడే లోపల, గంటసేపు ఆవిడ వసారాలో కూర్చునేవాళ్ళం. మొదట ఆరుగురం. పెన్సిలు పట్టుకోమంటే మా వేళ్ళు కొయ్యలైపోయేవి. రెండు రోజులు చూసి అక్క పెన్సిళ్ళు లాగేసుకుంది. పిండి సంచుల గుడ్డ ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద ఒక్కొక్కరి పేరు సుద్దతో రాసి, సూదీ దారం ఇచ్చింది. "కుట్టండి. మీ వేళ్ళకి గింజ తెలుసు, సూది తెలుసు. అక్షరం ఎటు తిరుగుతుందో సూదే నేర్పుతుంది" అంది.

అన్నట్టే అయ్యింది. నా పేరు మా లిపిలో నాలుగక్షరాలే కాబట్టి పదకొండు రోజుల్లో కాడకుట్టుతో కుట్టేశాను. తరవాత పెన్సిలు పట్టుకుంటే చెయ్యి దానంతటదే ఆ దారిలో పోయింది. ఓర్ఫీజ్‌కు నెలకు పైనే పట్టింది. "ఇంత పొడుగు పేరు పెట్టిన మా నాయనమ్మని గోతిలోంచి లేపి రెండు తగిలించాలి" అని తిట్టుకుంటూ కుట్టేది. కానీ అది పూర్తయిన రోజున ఆ గుడ్డ తలకు చుట్టుకుని, పేరు నుదుటి మీదికి వచ్చేలా ముడేసుకుని బజారంతా తిరిగింది. రమ్ము కొట్టు మెట్ల మీద కూర్చున్న మగాళ్ళు, "ఏంటే ఓర్ఫీజ్, తప్పిపోతే ఎవరన్నా తెచ్చి అప్పజెబుతారనా?" అని నవ్వారు. "చదవడం వస్తే కదరా మీరు అప్పజెప్పడానికి!" అంది. వాళ్ళలో చదువొచ్చినవాడు ఒక్కడే.

సెప్టెంబరు నాటికి మేము ముప్పై మందిమి అయ్యాం. ఓట్ల రోజు ఆదివారం. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన గౌన్లు వేసుకుని, చర్చికి పెట్టుకునే టోపీలు పెట్టుకుని వరసలో నిలబడ్డాం. ఎవరికి వెయ్యాలని అడిగితే అక్క చెప్పలేదు. "అది చెప్తే నాకూ, ఊరి మీద పెత్తనం చేసే సెక్షన్ చీఫ్‌కూ తేడా ఏముంది?" అంది. మాలో సగం మంది ప్రెసిడెంటుగా గెలిచినాయనకే వేశారు. నేనూ ఆయనకే వేశాను. ఆ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి కాదు. చెప్పి ఏం చేస్తాం?

ఓట్లయ్యాక మా బతుకులేమీ మారలేదు. గోదాము గేటు దగ్గర సోదా కూడా మారలేదు.

ఆ సోదా గురించి చెప్పాలి. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు గింజలు దాచుకున్నామేమోనని మేస్త్రీ లెరిసోన్ ఒక్కొక్కరినీ తడిమి చూసేవాడు. వాడి చేతులు గింజల కోసం వెతికేవి కావు. వయసు పిల్లల దగ్గర ఎక్కువసేపు ఆగేవి. మేము పళ్ళు బిగబట్టి ఎదురుగోడ వంక చూస్తూ నిలబడేవాళ్ళం. ఎదురు మాట్లాడితే మర్నాడు బల్ల దగ్గర చోటుండదు. 1959 మార్చిలో మరిసియా అనే అమ్మాయికి ఆరో నెల. "ఇది కడుపా, కాఫీ మూటా?" అని అందరి ముందూ ఆ పిల్ల గౌను పైకెత్తించాడు. గోదాము గుమాస్తాలు చూస్తూనే ఉన్నారు. ఒకడు నవ్వాడు. మరిసియా ఏడవలేదు. గౌను దించుకుని, క్లెర్వినక్క ఇంటి దాకా నడిచి, వసారా మెట్టు మీద కూలబడింది.

ఆ సాయంత్రం అక్క కాగితం తీసింది. మేము అడిగింది చిన్నదే. సోదా మానమనలేదు. సోదా చేసే మనిషి ఆడమనిషై ఉండాలి, అంతే. ఆవిడ రాసి, రెండుసార్లు చదివి వినిపించింది. కింద ముప్పై మందిమీ సంతకాలు పెట్టాం. ఓర్ఫీజ్ నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కో అక్షరం దించింది. మరిసియా పేరులో ఒక అక్షరం తలకిందులైంది. "పరవాలేదు, నీదని తెలుస్తోంది" అంది అక్క. అందరికన్నా కింద తన పేరు పెట్టింది. తను గోదాములో పనిచెయ్యదు. పెట్టాల్సిన అవసరం లేదు.

మర్నాడు టోపీ పెట్టుకుని, ఠాణాకు వెళ్ళి లెఫ్టినెంటుకు ఇచ్చింది. ఆయన కుర్చీ వేయించాడట. కాగితం చూసి, "దస్తూరీ ముత్యాల్లా ఉందమ్మా" అన్నాడట. అక్క ఆ మాట మాకు చెప్పి మురిసిపోయింది. మేమూ మురిసిపోయాం.

మూడు నెలలు ఏ జవాబూ రాలేదు. జూన్లో లెరిసోన్ నీలం చొక్కా, నల్లకళ్ళద్దాలతో పనికొచ్చాడు. నడుముకు పిస్తోలు. ప్రెసిడెంటు కోసం ఊరిలో కొత్తగా పెట్టిన దళానికి వాడే పెద్ద. లెఫ్టినెంటు కూడా వాడిని చూసి ముందు తనే పలకరించడం మొదలుపెట్టాడు. ఆ వారంలోనే, ఒక సాయంత్రం, గేటు దగ్గర వాడు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. అక్క లెఫ్టినెంటుకు ఇచ్చిన కాగితమే అది. వాడు తీరుబడిగా, పాఠం అప్పజెప్పినట్టు మా పేర్లు చదివాడు. ఒక్కో పేరుకూ తలెత్తి మనిషిని చూశాడు. అంతవరకూ మా పేర్లను కాగితం మీంచి పైకి చదివినవాడు లేడు.

"రేపు పొద్దున్న పదింటికి కళ్ళం మీద అందరూ ఉండాలి" అన్నాడు. "ముందు ఓర్ఫీజ్."

ఆ మాట ఎవరో అక్క చెవిన వేశారు. మర్నాడు మేం వెళ్ళేసరికే ఆవిడ కళ్ళం మధ్యలో నిలబడి ఉంది. కాఫీ ఎండబోసే ఆ సిమెంటు నేల అప్పటికే కాలుతోంది. లెరిసోన్ గొడుగు కింద బల్ల వేసుకుని కూర్చున్నాడు. పక్కన తుపాకులతో నలుగురు.

"దొరా, ఆ సంతకాలన్నీ నేనే పెట్టాను. ఈ ఆడవాళ్ళకి పొట్ట కోస్తే అక్షరం ముక్క రాదు. కాగితంలో ఏముందో కూడా వీళ్ళకి తెలీదు" అంది క్లెర్వినక్క.

లెరిసోన్ నవ్వాడు. వాడికి అంతా తెలుసు. ఓర్ఫీజ్ పేరు తలకు చుట్టుకుని బజారంతా తిరిగినప్పుడు రమ్ము కొట్టు మెట్ల మీద ఉన్నవాళ్ళలో వాడూ ఒకడు. మెట్ల మీది వాళ్ళలో చదువొచ్చిన ఆ ఒక్కడూ వాడే.

"అలాగా? అయితే చూద్దాం" అని పెన్సిలు బల్ల మీద పెట్టాడు. "రావే ఓర్ఫీజ్. నీ పేరు రాయి. రాస్తే ఈవిడ అబద్ధం చెప్పిందన్నమాట, ఈవిడని వదిలేస్తాను, నీతో మాట్లాడుకుంటాను. రాకపోతే నువ్వు ఇంటికి పో."

ఓర్ఫీజ్ బల్ల దగ్గరికి వెళ్ళింది. పెన్సిలును పిడికిలితో, కత్తి పట్టుకున్నట్టు పట్టుకుంది. ఎంతసేపు అలా నిలబడిందో నాకు తెలియదు. చివరికి ఒక అడ్డగీత, దాని మీద ఒక నిలువుగీత గీసింది. "నాకు రాదు బాబూ" అంది. ఆ గొంతు ఆవిడది కాదు.

తరవాత ఇంకొకరు. తరవాత ఇంకొకరు. నెల నిండని బిడ్డను పొత్తిళ్ళలో ఎత్తుకుని వచ్చిన మరిసియా కూడా. ఎవరికి పిల్లలున్నారు, ఎవరికి ముసలితల్లి ఉంది, ఎవరి మొగుణ్ణి ఏ రోజు ఎత్తుకుపోతారు, ఇవన్నీ లెక్క వేసుకుంటూ నేను వరసలో నిలబడ్డాను. నాకు పిల్లల్లేరు. ముసలితల్లి లేదు. అయినా నా వంతు వచ్చేసరికి నా పేరులోని ఆ నాలుగక్షరాలు నా వేళ్ళ చివర ఉండి కూడా కిందికి దిగలేదు. గీత మీద గీత గీశాను. "నాకు రాదు దొరా" అన్నాను. తల ఎత్తి అక్క వంక చూడలేకపోయాను. ఆవిడ చెప్పుల వంక చూశాను. ఎడమ చెప్పు పట్టీ ఊడి ఉంది.

ముప్పై గీతలూ అయ్యాక లెరిసోన్ కాగితం ఎత్తి అందరికీ చూపించాడు. "చూశారుగా. ముప్పై దొంగసంతకాలు. ప్రభుత్వం మీద ఆడవాళ్ళను ఉసిగొల్పడం" అన్నాడు. వాడికి కావలసింది మా అబద్ధమే. దాన్ని మా చేతులతోనే రాయించుకున్నాడు. అక్కను జీపు ఎక్కించారు. మమ్మల్ని బల్లల దగ్గరికి పంపారు. ఆ రోజు మేము ఏరిన గింజల్లో రాళ్ళు ఉండిపోయాయని గుమాస్తా తిట్టాడు.

మా దగ్గర ఖైదీలకు తిండి ఇంటివాళ్ళే తీసుకెళ్ళాలి. అక్కకు ఇల్లంటే మేమే. మొదటివారం వంతులు వేసుకుని మొక్కజొన్న సంకటి, చిక్కుడు పులుసు, కర్రపెండలం రొట్టె పట్టుకెళ్ళాం. ఠాణా గుమ్మంలో సిపాయి తెచ్చినవాళ్ళ పేరు అడిగి రాసుకునేవాడు. పేరు అనగానే ఒక్కొక్కరే తగ్గిపోయారు. చివరికి నేనూ ఓర్ఫీజూ మిగిలాం. ఒక మంగళవారం సిపాయి గిన్నె వెనక్కి తోసేశాడు.

"ఆవిడ ఇక్కడ లేదు."

"ఎక్కడికి పంపారు బాబూ?"

"అడగడానికి నువ్వెవరివి? నీ పేరేంటి?"

ఓర్ఫీజ్ నా రెక్క పట్టుకుని లాక్కొచ్చేసింది. దారిలో ఆ సంకటి ఎవరికి పెట్టాలో తెలియక, ఇద్దరం సముద్రం ఒడ్డున కూర్చుని తిన్నాం. ఓర్ఫీజ్ నములుతూ ఏడ్చింది. ఆ వారమే నేను నా గుడ్డముక్క తీసి, దారం అంతా విప్పేశాను. దారం పోయింది గానీ సూది పొడిచిన కన్నాలు అలాగే ఉన్నాయి, వెలుగులో పెడితే పేరు చదవొచ్చు. పొయ్యిలో వేశాను.

పద్నాలుగు నెలల తరవాత క్లెర్వినక్క నడిచి వచ్చింది. ఎక్కడ ఉంచారో, ఏం చేశారో చెప్పలేదు. మేము అడగలేదు. చీకటి గదిలో ఉంచారని మాత్రం తెలిసింది, ఎండలోకి వస్తే కళ్ళలోంచి నీళ్ళు కారిపోయేవి. దారం సూదిలోకి ఎక్కించలేకపోయేది. నేను పొద్దుట పనికి పోతూ పది సూదులకు దారాలెక్కించి గోడకు గుచ్చి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చి చూస్తే పదీ అలాగే ఉండేవి. దుప్పట్లు ఎవరూ పంపడం లేదు. ఆవిడ వసారాలో ఆగి నీళ్ళు తాగేవాళ్ళు కూడా లేరు. అటు వైపు చూడకుండా పోయేవారు. ఓర్ఫీజ్ కూడా చుట్టూ తిరిగి వెనక దారిన వెళ్ళేది. ఆవిడను నేనేమీ అనలేను.

అక్క ఒకసారి అడిగింది. "గేటు దగ్గర ఇప్పుడెవరు చూస్తున్నారే?"

"వాడే."

"ఇంకా అలాగేనా?"

"అలాగే అక్కా."

తల ఊపింది. ఇక ఆగలేక నేనే అన్నాను. "అక్కా, ఆ రోజు కళ్ళం మీద..."

"నేనే కదే మీకు రాదని చెప్పాను. నా మాట నిలబెట్టారు."

"నువ్వు మా కోసం చెప్పావు. మేం మా కోసం చెప్పాం."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అది ఏడుపో, వెలుతురు పడకో చెప్పలేను. "ఒక్కొక్కరూ బల్ల దగ్గరికి వస్తుంటే, దేవుడా, ఇది తన పేరు రాయకుండా చూడు అనుకున్నాను ఆల్టా. రాయకుండా పెన్సిలు పెట్టేసినప్పుడల్లా లోపల ఏదో తెగిపోయేది. ముప్పైసార్లు. నాకు ఏది కావాలో నాకే తెలీలేదు. ఇప్పటికీ తెలీదు."

ఆ డిసెంబరులో ఇల్లు వదిలేసి, కొండ మీద వట్టివేళ్ళు పండించుకునే వేలువిడిచిన చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళొద్దని నేను అనలేదు. ఉండి ఏం చెయ్యాలి? కుర్చీ నాకిచ్చింది. మూట ఎత్తి తల మీద పెట్టాను. కొండదారి మొదట్లో, "ఇంక చాలు, వెనక్కి పో, ఎవరన్నా చూస్తారు" అంది.

1963 అక్టోబరులో ఫ్లోరా తుఫాను వచ్చింది. గోదాము పైకప్పు సముద్రంలో పడింది. కొండల మీంచి మట్టి, చెట్లు, మేకలు, మనుషులు కొట్టుకొచ్చారు. దారులు తెగిపోయి, పైనుంచి కూరలు తెచ్చే ఆడవాళ్ళు దిగి రావడానికే నెలన్నర పట్టింది. వాళ్ళలో ఒకామె చెప్పింది, క్లెర్వినా, ఆ చెల్లెలు, ఇల్లు అన్నీ లోయలోకి జారిపోయాయని.

డిసెంబరులో నేను ఎక్కి వెళ్ళాను. ఒక పగలంతా నడక. ఇల్లున్న చోట ఎర్రమట్టి కోత, కింద బండరాళ్ళు. పక్కింటామె నన్ను కూర్చోబెట్టి ఉడకబెట్టిన సీమపనస పెట్టింది. మంచి మనిషి.

"మేకల క్లెర్వినానా? పాపం, ఎవరి జోలికీ పోయేది కాదమ్మా. మేకలు కాసుకునేది, ఎండకి తలకి గుడ్డ దించుకుని తిరిగేది. నీకు చుట్టమా?"

"ఎరిగున్న మనిషి. కిందికి ఉత్తరం ముక్కైనా రాయలేదు, ఎలా ఉందో తెలియక..."

"ఉత్తరమా? ఆవిడకి రాయడం వచ్చా?" ఆమె చేతిలోని గరిటె ఆగిపోయింది. "మా పిల్లల బాప్తిస్మం కాగితాలు చదివించుకోడానికి మేం ఎన్ని కోసులు నడిచేవాళ్ళమో నీకేం తెలుసు! మూడేళ్ళు మా పక్కనే ఉంది. ఒక్కనాడు చెప్పలేదే! నిజంగా వచ్చా?"

అక్కడ కూడా సెక్షన్ చీఫ్ ఉన్నాడు, వాడికీ నల్లకళ్ళద్దాలు ఉన్నాయి. దారిలో నా పేరు, ఊరు అడిగి పైకి వదిలాడు. ఆ పక్కింటామె మంచిదే. కానీ మంచివాళ్ళ నోట్లోంచి కూడా మాట జారి, వాడి చెవిన పడుతుంది. చచ్చిపోయినవాళ్ళకు ఏం కాదు గానీ, చెప్పినవాళ్ళకు అవుతుంది.

"లేదులే. ఇంకెవరినో అనుకుని అన్నాను" అన్నాను.

ఆమె ఊపిరి పీల్చుకుని, "అదే అనుకున్నా" అని ఇంకో ముక్క సీమపనస నా ఆకులో వేసింది. వాన మొదలయ్యేలా ఉందని, దారి జారుడుగా ఉంటుందని, తొందరగా తినమంది. తిన్నాను.